గట్టిగా కొరకమని అడగని డాక్టరు గారికి

ఈ వేదిక మీద చివరి కుర్చీ ఖాళీగా ఉంది. మా ల్యాబు తరఫున మాట్లాడాల్సిన మనిషి కూర్చోవలసిన కుర్చీ అది. దాన్ని ఖాళీగా ఉంచింది మన మేనేజరు గారు. ఈ సభకి అధ్యక్షులు కూడా ఆయనే కాబట్టి నా మొదటి నమస్కారం ఆయనకే.

(వెనక వరసలో ఎవరో దగ్గారు.)

రెండో నమస్కారం, ఈ సాయంత్రంతో ఉద్యోగ విరమణ చేస్తున్న మా పెద్ద డాక్టరు గారికి. మూడోది, ముందు వరసలో చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆయన అక్కగారికి. ఆ కర్ర ఎంత పొడవుందో మైకు పట్టుకోకముందే చూసుకున్నాను, ఒక అడుగు అవతలే నిలబడ్డాను. ఇక తోటి డాక్టర్లకి, నర్సక్కలకి, రిసెప్షన్ బల్ల వదిలి రాగలిగిన వాళ్ళకి, నాతో పాటు ప్లాస్టర్ దుమ్ము పీల్చే మిత్రులకి, పంటి నొప్పితో వచ్చి బంధువులుగా మిగిలిపోయిన పెద్దలకి, అందరికీ పేరుపేరునా నమస్కారం.

నన్నెరగని వాళ్ళు కొందరుంటారు. ఈ దంత వైద్యశాల మేడ మీద, వెనక పక్క, కిటికీ తెరిస్తే రెక్క వెళ్ళి పక్క భవనం గోడకి కొట్టుకునే గది ఒకటుంది. అది మా ల్యాబు. కింద కుర్చీలో మీ నోటికి అచ్చు తీస్తారు కదా, పైన ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి మీ దవడలు తయారు చేసేది నేను. ఇక్కడ అందరూ నన్ను ‘కరపత్రం’ అంటారు. సిరామిక్ పొడి డబ్బాలో ఎన్నో మడతలు పెట్టి ఒక కాగితం పంపుతారు, చీమ తలంత అక్షరాలు, ఎవరూ చదవరు, నేను చదువుతాను. బస్టాపులో చేతిలో పెట్టి పోయే కాగితాలు కూడా చదువుతాను, పారేయను. రెండు రకాల కాగితాలూ నాకు ఒకటే నేర్పాయి. ఏదైనా విరిగినప్పుడు ‘అయ్యో పాపం’ అని ఊరుకోకు, బరువు ఎవరు వేశారు, ఎక్కడ వేశారు అని అడుగు.

బయల్దేరేటప్పుడు మా అమ్మ చొక్కా కాలరు సర్దుతూ, “ఒరేయ్, పెద్దాయనకి సన్మానం జరుగుతున్న చోట గొంతు పెంచకు, నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపో” అంది. గొంతు పెంచను. మంచి మాటలు నాలుగుకి మించుతాయేమో, అది నా చేతిలో లేదు.

(నవ్వులు.)

అధ్యక్షుల వారు నాకు ఇచ్చింది రెండు నిమిషాలు, నమస్కారాలకే అయిపోయాయి. సార్, మీరు మాటిమాటికీ ఆ గోడ గడియారం వైపు చూడకండి. అది పెద్ద డాక్టరు గారికి మనం ఇవ్వబోయే బహుమతి, దాంట్లో ఇంకా బ్యాటరీ వేయలేదు.

(నవ్వులు, చప్పట్లు.)

ముందు ఆ ఖాళీ కుర్చీ సంగతి. అది మా పిన్నిది. ఆవిడ నాకు పిన్ని కాదు, ఇక్కడ ఎవరికీ పిన్ని కాదు, ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ మేనేజరు గారు కూడా కోపం లేనప్పుడు అలాగే పిలుస్తారు. పోయిన పంటి చోట ఎముకలో దించే ఇంప్లాంట్ల మీద బిగించే సిరామిక్ క్యాపులు తయారు చేసేది ఆవిడే. లోపల గట్టి తెల్లటి గుండె ఒకటి ఉంటుంది, దాని మీద పొడిని నీళ్ళతో కలిపి బ్రష్షుతో పొర మీద పొర అద్ది, ఫర్నేసులో కాల్చి, పంటి రంగు, పంటి మెరుపు తెస్తుంది. ఆవిడని నేనేమీ ఆకాశానికెత్తను. కోపిష్టి. బ్రష్షు ముట్టుకుంటే చెయ్యి మీద కొడుతుంది. నేను పోసిన దవడ బాగుంటే నోరు మెదపదు, బాగోలేకపోతే కింద రిసెప్షన్ దాకా వినబడేలా మెచ్చుకుంటుంది.

ఈ మధ్య క్యాపులు బాగా విరుగుతున్నాయి. ఇది అందరికీ తెలుసు. మేనేజరు గారు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు: విరిగినవన్నీ పిన్ని చేతి మీదుగా పోయినవే, ఆవిడ ఫర్నేసు తలుపు తొందరపడి తీస్తోంది, వేడి వేడి సిరామిక్కుకి గాలి తగిలి లోలోపల బీటలిస్తోంది, కనుక రేపు పదింటికి ఆయన గదిలో మీటింగు, మీటింగు అయ్యాక ఆవిడ ఇంక రానక్కర్లేదు. ఈ సభకి కూడా పిలవలేదు. విరిగినవన్నీ ఆవిడ చేతివే అన్న మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఇక్కడ క్యాపులు కాల్చేది ఆవిడొక్కతే. విరగనివి కూడా ఆవిడ చేతివే.

(చప్పట్లు. అధ్యక్షులు: “అబ్బాయ్, ఇది సన్మాన సభ. దానికి ఇది వేదిక కాదు.”)

అవును సార్. దానికి వేదిక మీ గది, తలుపు వేసుకుని. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

(ముందు వరస నుంచి అక్కగారు: “మాట్లాడనీయవయ్యా ఆ పిల్లాణ్ణి! టీ ఎలాగూ ఇంకా రాలేదు.”)

మేనేజరు గారికి పిన్ని దొరక్కముందు మనం ఎవరిని అనేవాళ్ళమో గుర్తు చేసుకుందాం. పేషెంటుని. విరిగిన ముక్కని కాగితంలో చుట్టుకుని మెల్లగా తలుపు తోసుకుని వస్తారు, పక్కింటి అద్దం పగలగొట్టిన పిల్లల్లా. మనం ముక్క చూడం. మొహం చూసి, “ఏదో గట్టిది కొరికుంటారండీ” అంటాం. రిసెప్షన్లో అంటాం, కుర్చీ దగ్గర అంటాం, పైన ల్యాబులో మేమూ అనుకుంటాం. ఆ మనిషి కూడా పాపం ఆలోచనలో పడి, “అవునండీ, ఆమధ్య ఒక బాదం గింజ నమిలాను” అని ఒప్పేసుకుంటారు. ఎవరి బతుకులో బాదం గింజ ఉండదు చెప్పండి? అలా ఒప్పుకున్న వాళ్ళు ఇంటికెళ్ళి, మళ్ళీ ఎక్కడ విరుగుతుందోనని ఆ పక్క నమలడం మానేస్తారు. నోట్లో పన్ను పెట్టాం, ఆ పన్నుతో తినే ధైర్యం తీసేశాం. దీన్ని నేను తప్పు అంటున్నాను. చేసింది మనమందరం.

ఒక్కరు మాత్రం ఒప్పుకోలేదు. ఆవిడ ఈ సభలోనే ఉన్నారు, కర్రతో సహా. పెద్ద డాక్టరు గారే తన చేతులతో అక్కగారికి కింది దవడలో ఇంప్లాంటు పెట్టారు, ఎముక దాన్ని పట్టుకునే దాకా ఆగారు, పిన్ని క్యాపు కాల్చింది, ఆయన బిగించారు. మొన్న అది విరిగింది. రిసెప్షన్ దగ్గర జరిగిన సంభాషణ నేను మెట్ల మీద నుంచి విన్నాను.

“ఏదో గట్టిది కొరికుంటారమ్మా.”

“రొట్టె తిన్నాను.”

“ఎండిపోయిందా అమ్మా?”

“పాలలో నానబెట్టాను. పళ్ళు లేని పిల్లలకి పెడతారే, అలా.”

“అందులో చిన్న రాయిలాంటిదేమైనా...”

“పాలలో రాళ్ళేసుకుని తాగే రకంలా కనిపిస్తున్నానా నీకు?”

(పెద్దగా నవ్వులు. అక్కగారు: “ఆ తర్వాత అన్నది కూడా చెప్పు!”)

అది సభలో చెప్పేది కాదమ్మా. కానీ చివరికి ఒక మాటన్నారు, అది చెబుతాను. కాగితం విప్పి ముక్కని బల్ల మీద పెట్టి, “నా మొహం చూసి చెప్పడం కాదు, దీని మొహం చూసి చెప్పండి” అన్నారు. ఇన్నేళ్ళలో ఈ కట్టడంలో ఎవరూ అనని మాట అది.

సరే, చూశాం. చూడగలిగాం అంటే కారణం కుర్చీ అక్క. పెద్ద డాక్టరు గారి కుర్చీ పక్కన నిలబడే నర్సక్క, మీ నోట్లో గొట్టం పెట్టి ఉమ్మి లాగేటప్పుడు మీ పిల్లల చదువుల గురించి అడిగి, జవాబు చెప్పలేకపోతే తనే చెప్పేస్తుందే, ఆవిడ. పేషెంట్లు తెచ్చిన ముక్కల్ని చెత్తబుట్టలో వేయమంటే వేయలేదు. “మనిషి నోట్లోంచి వచ్చిందిరా, ఊడ్చి పారేయడానికి నాకు చేతులు రాలేదు” అంది. గుండీలు దాచుకునే రేకు డబ్బాలో, ఒక్కో ముక్కనీ దూదిలో చుట్టి, ఎవరిదో చిన్న చీటీ పెట్టి దాచింది. ఆ డబ్బా తీసుకుని ఇద్దరం పైకెళ్ళి, పిన్ని భోజనానికి లేచినప్పుడు మైక్రోస్కోపు కింద ఒక్కోటే పెట్టాం.

చెరువులో రాయి వేస్తే వలయాలు లేస్తాయి కదా, సిరామిక్కు విరిగిన అంచు మీద పక్క నుంచి వెలుతురు కొడితే అలాంటి వలయాలు కనిపిస్తాయి. రాయి ఎక్కడ పడిందో వలయాలు చెప్పినట్టే, పగులు ఎక్కడ పుట్టిందో ఇవి చెబుతాయి. తప్పు ఫర్నేసుదైతే పగులు చాలావరకు లోపల పుట్టాలి, గాలి బుడగ దగ్గరో, పొరలు అతికే చోటో. అలాంటివి ఉన్నాయా? ఉన్నాయి. ఒకటి రెండు ముక్కల్లో బుడగలున్నాయి, అవి పిన్నివే, రేపు ఆవిడ మొహం మీదే చెబుతాను, తిట్లు తింటాను. ఒక ముక్క నిజంగానే పేషెంటుది, ఆయన సీసా మూత పళ్ళతో తీశానని గర్వంగా చెప్పాడు కూడా. మిగతావన్నీ, అక్కగారి దానితో సహా, పైన పుట్టాయి. నమిలే చోట. ఎదుటి పన్ను వచ్చి తగిలే చోట, మెరుపు పోయి గరుగ్గా గీతలు పడిన చిన్న మచ్చ ఒకటుంది, ప్రతి పగులూ అక్కడ నుంచే బయల్దేరింది.

ఇప్పుడు పెద్ద డాక్టరు గారి గురించి మాట్లాడతాను. ఆయన్ని మరిచిపోలేదు, ఇంతసేపూ ఆయన గురించే మాట్లాడుతున్నాను.

ఈ సాయంత్రం ఇక్కడ మైకు ముందుకొచ్చిన ప్రతి ఒక్కరూ ఆయన మెత్తటి చెయ్యి గురించి చెప్పారు. సూది గుచ్చింది తెలియలేదన్నారు ఒకరు. కుర్చీలో నిద్రపోయానన్నారు ఇంకొకరు. రిసెప్షన్ చెల్లెలైతే ఆయన గొంతు అనుకరించి, “మెల్లగా అమ్మా, మెల్లగా కొరకండి, తొందరేం లేదు” అని చెప్పి అందరినీ నవ్వించి, చివరికి తనే ఏడ్చింది. నిజమే. ఆ మాట నేనూ మెట్ల మీద నుంచి రోజూ వింటాను. కొరికిన చోట రంగు అంటించే బ్లూ పేపరు పళ్ళ మధ్య పెట్టి, ‘మెల్లగా కొరకండి’. రంగు ఎక్కడ చిక్కగా అంటిందో అక్కడ కాస్త అరగదీసి, మళ్ళీ ‘మెల్లగా’. ఈయన జీవితంలో ఒక్క మనిషిని కూడా గట్టిగా కొరకమని అడగలేదు. 

ఆ మాట వల్లే క్యాపులు విరుగుతున్నాయి.

(వరసల్లో గుసగుసలు.)

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. నాకు ఇంప్లాంటు అంటే ఏమిటో చెప్పింది పెద్ద డాక్టరు గారే. నేను కొత్తగా చేరినప్పుడు, లిఫ్టు పాడైన రోజున, మేడ మెట్ల మలుపులో ఆయాసం తీర్చుకోడానికి ఆగి చెప్పారు. మన సొంత పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదట. వేరు చుట్టూ సన్నటి నారల పరుపు ఉంటుంది, గట్టిగా నొక్కితే పన్ను కాస్త, వెంట్రుక మందంలో కొంత, లోపలికి దిగుతుంది, వదిలేస్తే పైకొస్తుంది. అన్నంలో రాయి తగలగానే ఆగమని చెప్పేవి కూడా ఆ నారలే. ఇంప్లాంటుకి ఆ పరుపు లేదు. అది స్క్రూ. ఎముక దాన్ని పట్టేసుకుంటుంది, అది దిగదు, బరువెక్కువైతే అరవదు.

“నలుగురు ఒక బల్ల మోస్తున్నారు, దాని మీద బరువు పెట్టారనుకో” అన్నారు ఆయన, మెట్టు మీద కూర్చుని. “బరువుకి ముగ్గురి మోకాళ్ళు కాస్త వంగాయి. నాలుగోవాడు వంగలేదు. బరువు ఎవడి మీద పడుతుంది?”

“వంగనివాడి మీద.”

“అదీ ఇంప్లాంటు.”

నేను వెంటనే ఆ నాలుగోవాడి పార్టీలో చేరిపోయాను. “లోకమంతా ఇంతేనండీ, వంగనివాడి నెత్తినే పెడతారు” అన్నాను. ఆయన నవ్వి, “నాయనా, నేను పళ్ళ గురించి చెబుతున్నాను” అన్నారు.

(నవ్వులు. పెద్ద డాక్టరు గారు కూడా నవ్వారు.)

ఆ బల్లనే ఇప్పుడు మళ్ళీ చూడండి. బల్ల మీద ఇంకా బరువు పెట్టకముందు, ఉత్తి బల్లని నలుగురూ పట్టుకున్నప్పుడు, ఎవరి మోకాళ్ళూ వంగలేదు. నలుగురూ ఒకే ఎత్తు. మెల్లగా కొరికినప్పుడు నోట్లో జరిగేది అదే. సొంత పళ్ళు పరుపులోకి దిగవు, ఇంప్లాంటు వాటి సమానంగానే ఉంటుంది, బ్లూ పేపరు అన్నిటి మీదా ఒకే రంగు వేస్తుంది, కుర్చీ అక్క “చక్కగా కూర్చుందండీ” అంటుంది, మనిషిని ఇంటికి పంపిస్తాం. ఇంటికెళ్ళాక ఆ మనిషి కోపంలో పళ్ళు నూరుతాడు, నిద్రలో దవడ బిగిస్తాడు. అప్పుడు వంగుతాయి మోకాళ్ళు. పక్క పళ్ళన్నీ కాస్త దిగుతాయి. దవడ బలమంతా దిగని పన్ను మీద, పిన్ని కాల్చిన ఆ పొర మీద. సిరామిక్కు నొక్కుడికి చాలా ఓర్చుకుంటుంది, కానీ పైన ఒక గీత ఉంటే ఆ గీత దగ్గర నోరు తెరుస్తుంది, రోజూ కొంచెం, రోజూ కొంచెం. ఆ పని అంతా నిద్రల్లో, కోపాల్లో జరిగిపోయాక, చివరికి పాలలో నానిన రొట్టె వచ్చి నేరం నెత్తిన వేసుకుంటుంది.

(అక్కగారు: “నేనెక్కడ పళ్ళు నూరతానురా?” పెద్ద డాక్టరు గారు మైకు లేకుండానే: “చిన్నప్పటి నుంచీ నూరతావక్కా. పక్క మంచం నాదే.” నవ్వులు.)

ఇక ఆ గీతలెక్కడివి? అవీ మెత్తదనమే. బ్లూ మచ్చని అరగదీసిన తర్వాత ఆ చోటుని అద్దంలా నున్నగా చేయాలి, లేదా క్యాపుని మళ్ళీ పైకి పంపి పిన్ని చేత మెరుపు పొర కాల్పించాలి. అంటే పేషెంటు మరో రోజు రావాలి. “అంత దూరం నుంచి మళ్ళీ రప్పించడం ఎందుకులే, నోట్లో ఎవరికి కనబడుతుంది” అంటారు ఈయన, మనం తలూపుతాం, అందరం ఆయన ఎంత మంచివారో అనుకుంటాం.

‘మెల్లగా’ అన్న మాట ఈయనకి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. ఈయన పని మొదలుపెట్టిన రోజుల్లో ఇంప్లాంట్లు లేవు. పుచ్చిన పంట్లో వెండి రంగు మిశ్రమం నింపేవాళ్ళు, అది గట్టిపడడానికి పూటలు పట్టేది, అప్పుడే గట్టిగా కొరికితే పగిలిపోయేది. అందుకని కుర్చీలోని మనిషికి మెల్లగా కొరకండి అని చెప్పడం మంచి డాక్టరు లక్షణం. ఆ మాట ఎన్నో పళ్ళని కాపాడింది. తర్వాత పళ్ళు మారాయి, స్క్రూలు వచ్చాయి, నోట్లో పరుపు లేని పన్ను వచ్చి కూర్చుంది. మాట మాత్రం మారలేదు. ఎవరు మార్చుకుంటారు? వినడానికి అంత బావుండే మాటని.

డాక్టరు గారూ, ఇప్పుడు మీతో.

మీరు వెళ్ళిపోతున్నారంటే ఇక్కడ అందరికీ బాధగా ఉంది, నాకు మాత్రం కోపంగా ఉంది. బాధ కంటే కోపం నాకు సులువు, మా అమ్మనడగండి. మొన్న డబ్బా పట్టుకుని మీ గదికొచ్చాను. మీరు మూత తీసి, ఒక ముక్క దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు. మీకు అర్థమైంది, ఆ సంగతి నాకూ అర్థమైంది. తర్వాత మూత పెట్టేసి, “నాయనా, ఇంకా రెండు రోజులే ఉన్నాను. మేనేజరు ఏదో తేల్చుకున్నాడట. ఈ వయసులో నేను గొడవ పెట్టుకోవడం బాగుంటుందా? మెల్లగా సర్దుకుంటుందిలే” అన్నారు. మీరు పేషెంట్లకే కాదు, మేనేజరు గారికి కూడా అదే మాట చెప్పారు. మెల్లగా. మెల్లగా చూస్తే అన్నీ సమానంగానే కనిపిస్తాయి సార్. బరువు పడినప్పుడే తెలుస్తుంది ఎవరి మీద పడుతోందో. ఇప్పుడు పిన్ని మీద పడుతోంది. ఆవిడ ఎవరి దగ్గరా వంగే రకం కాదు, మీకూ తెలుసు, కనుక విరిగేది ఆవిడే.

(అధ్యక్షులు లేవబోయి కూర్చున్నారు.)

నేను మిమ్మల్ని తక్కువ చేయడానికి రాలేదు. నాకు పని నేర్పింది పిన్ని, చూపు నేర్పింది మీరు. ఆ మెట్ల మలుపులో మీరు చెప్పకపోయి ఉంటే డబ్బాలో ముక్కలు నాకు ముక్కల్లాగే కనిపించేవి. ఒక ప్లాస్టర్ పోసేవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయాసపడుతూ ఎముక గురించి చెప్పిన డాక్టరు నాకింకొకరు తెలీదు. మీ చెయ్యి మెత్తన అని చెప్పిన వాళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. నేను అడిగేది ఒక్కటే. ఈ కట్టడంలో మీరు చేసే చివరి పనిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ మాట మార్చండి.

సంగతి ఏమిటంటే, ఇప్పుడు, మనమిక్కడ కూర్చుని నవ్వుతున్న ఈ సమయంలో, పైన మా గదిలో ఫర్నేసు వెలుగుతోంది. అక్కగారికి కొత్త క్యాపు. పిలవలేదు కాబట్టి పిన్ని సభకి రాలేదన్నాను, అది సగమే నిజం. పిలిచినా వచ్చేది కాదు. వచ్చే ముందు తలుపు దగ్గర నిలబడి, “పిన్నీ, కాసేపు కిందికి రాకూడదూ, టీ తాగి వెళ్ళొచ్చు” అన్నాను. వెనక్కి తిరగను కూడా తిరగలేదు. “ఇది చల్లారాలి” అంది. రేపు పని పోతుందని తెలిసిన మనిషి. తొందరపడి ఫర్నేసు తలుపు తీస్తుందని పేరు పడిన మనిషి.

(అక్కడక్కడ చప్పట్లు.)

ఉద్యోగం ఈ సాయంత్రంతో అయిపోయినా, రేపు ఆ క్యాపు అక్కగారి నోట్లో బిగించేది మీరే. బిగించాక బ్లూ పేపరు పెట్టి ముందు ఎప్పట్లాగే మెల్లగా కొరకమందాం. అన్ని పళ్ళ మీదా రంగు సమానంగా పడుతుంది, అందరూ చూడండి. తర్వాత కొత్త కాగితం పెట్టి గట్టిగా కొరకమందాం. నేను చెప్పింది నిజమైతే రంగంతా ఒక్క చోట, ఇంప్లాంటు మీదే చిక్కగా పడుతుంది, పక్క పళ్ళ మీద పలచబడుతుంది. నేను చెప్పింది తప్పయితే రంగు అన్నిటి మీదా సమానంగా పడుతుంది, అప్పుడు మేనేజరు గారి మీటింగులో మొదటి కుర్చీలో నేను కూర్చుంటాను, పిన్నితో పాటు నన్నూ పంపించేయండి. నోరు అబద్ధం చెబుతుందేమో గానీ, పళ్ళ మీద రంగుకి ఆ తెలివి లేదు.

(అధ్యక్షులు: “ఒక్క పన్ను చూసి నిర్ణయం మార్చుకోమంటావా?”)

ఒక్క పన్ను కూడా చూడకుండా నిర్ణయం తీసుకున్నారు కదా సార్.

(చప్పట్లు, ఈలలు. అక్కగారు కర్ర నేలకేసి కొట్టి: “నా నోరు, నా పన్ను. నేను కూర్చుంటాను. ఒరేయ్ చిన్నోడా, నువ్వు అంటావా అనవా?”)

చిన్నోడు అంటే మరెవరో కాదు, పెద్ద డాక్టరు గారే. ఆయన ఏదో చెప్పబోతున్నారు. మైకు ఇస్తున్నాను.

(పెద్ద డాక్టరు గారు మైకు తీసుకున్నారు. “ఈ పిల్లాడు డబ్బా తెచ్చిన రోజునే నాకు తెలిసింది. మూత పెట్టేశాను. నాకు... గట్టిగా అనడం అలవాటు లేదు. అక్క నూరే చప్పుడుకి లేచినా ఊరుకునే పడుకునేవాణ్ణి. రేపు అంటాను. గొంతు వస్తుందో రాదో చూడాలి. మేనేజరు గారూ, మీటింగుకి ముందు మీరూ కిందికి రండి. నేనింక ఇక్కడ ఉద్యోగిని కాను కాబట్టి, ఇది ఆర్డరు కాదు. గట్టిగా అడుగుతున్నాను, అంతే.” మైకు తిరిగి ఇచ్చారు. చప్పట్లు ఆగడానికి సమయం పట్టింది.)

గొంతు వచ్చింది సార్.

నేను మాటలు ముగించాలి, టీ వచ్చింది, అధ్యక్షుల వారు గడియారం చూడడం మానేసి నన్ను చూస్తున్నారు. నాకు రెండు నిమిషాలిచ్చి ఇంతసేపు భరించినందుకు ఆయనకి, డబ్బా దాచిన కుర్చీ అక్కకి, రొట్టె తిన్న అక్కగారికి, మెట్ల మీద ఆయాసపడిన మా డాక్టరు గారికి నా ధన్యవాదాలు. అందరం పెద్దాయనకి వీడ్కోలు చెప్పడానికి వచ్చాం గానీ, నేను ఈ రాత్రికి చెప్పడం లేదు. రేపటి దాకా దాచుకుంటాను.

రేపు పొద్దున ఎనిమిది గంటలకి, కింద పెద్ద డాక్టరు గారి కుర్చీ గదిలో. డాక్టర్లు రండి, రిసెప్షన్ వాళ్ళు రండి, ల్యాబు వాళ్ళందరూ రండి, ఎప్పుడో ఒకప్పుడు మన మాట నమ్మి బాదం గింజ మీద నేరం ఒప్పుకున్న పేషెంట్లు ఎవరైనా ఉంటే మీరు ముందు వరసలో నిలబడండి. గది చిన్నది, నిలబడే చూద్దాం. ఒక్క మనిషికి మాత్రం కుర్చీ కావాలి, పగలంతా ఫర్నేసు ముందు కూర్చుని కాళ్ళు వాచిన మనిషి.

వేదిక మీద ఈ ఖాళీ కుర్చీని నేనే కిందికి మోసుకెళ్తున్నాను. ఎనిమిదింటికి. సెలవు.